ఊపిరికి కాపలా

"మూడో ప్లాట్‌ఫారం మీది బస్సు బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది." ఒకప్పుడు ఒక్క ఊపిరిలో చెప్పే మాటను మైకమ్మ ఇప్పుడు రెండుగా విరిచింది. మధ్యలో మీట నొక్కి, మైకు ఆపి, దగ్గి, మళ్లీ అందుకుంది.

ఆ బస్టాండులో ఇరవై ఆరేళ్లుగా ఆమె గొంతే. మొగుడు సిగరెట్లు తాగి తాగి పోయాడు. ఆయన వదిలిన పొగ మాత్రం ఈవిడ ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది. ఏడాదికి రెండుసార్లు ఆయాసం మంచాన పడేసేది. ఇంకోసారి పడితే కుర్చీ, పని నేర్చుకోవడానికి వచ్చిన కొత్తమ్మాయికి ఇచ్చేస్తామని మేనేజరు మెత్తగా చెప్పాడు. అప్పట్నుంచి మైకమ్మకు లోకమంతా అనుమానమే. ఊడ్చేవాడి ఫినాయిలో, గోడలకు కొట్టిన సున్నమో, ఎవరో పనిగట్టుకుని తన ఊపిరికి ఎసరు పెడుతున్నారు.

అందరికన్నా ఆ కొత్తమ్మాయి మీదే ఎక్కువ. మూడు రోజులుగా ఆ పిల్ల గదిలోకి రాదు. కిటికీ బయటే నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని చేత్తో సైగలు చేస్తుంది. ఏమిటే అంటే చాలు, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు వెనక్కి జరుగుతుంది.

మధ్యాహ్నం మైకమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టి లోపలికి లాగి తలుపు వేసేసింది. రెండు కుర్చీలు కూడా సరిగ్గా పట్టని గది. మైకులో రొద వినబడుతుందని ఫ్యాను కూడా పెట్టలేదు.

"నా దగ్గరికి రావద్దని ఎవరు చెప్పారే? మేనేజరేనా?"

"కాదక్కా. తలుపు తియ్యండి, చెప్తాను."

"ముందు ఆ రుమాలు తీసి, నా మొహంలోకి చూసి చెప్పు."

తీసింది. ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది. "జలుబు చేసిందక్కా. మీకు అంటుకుంటుందని..." అంటూనే తుమ్మింది.

మైకమ్మకు గుండెల మీంచి బండ దిగినట్టయింది. పకపకా నవ్వింది. "ఓసి పిచ్చిదానా! జలుబుకు భయమేమిటే? మందేస్తే వారం, వెయ్యకపోతే ఏడు రోజులు." పక్కన కూర్చోబెట్టుకుని, తన ఫ్లాస్కులో వేడినీళ్లు తాగించి, సాయంత్రం దాకా కబుర్లు చెప్పింది. ఇన్నేళ్లలో ఆ గదిలో ఆమెకు తోడు దొరికింది ఆ ఒక్కరోజే.

మూడోనాటికి ఆమెకు ముక్కు కారింది. ఐదోనాటికి ఆసుపత్రి. మనలాంటివాళ్లకు ముక్కుతో పోయే జలుబు, పాడైన ఊపిరితిత్తుల్లోకి దిగి పాత జబ్బును ఎగదోసిందని డాక్టరు ఆమె కూతురితో చెప్పాడు. మర్నాడు మధ్యాహ్నం పోయింది. బస్సులన్నీ వేళకే బయలుదేరాయి.

కుర్చీ తనదయ్యాక కొత్తమ్మాయి సొరుగు తీసింది. పాత టైంటేబులు వెనక, మైకమ్మ చేతిరాతలో, ఆయాసం తెప్పిస్తున్నవాళ్ల జాబితా ఒకటి ఉంది. ప్రతి పేరు పక్కనా ఒక ప్రశ్నార్థకం. ఆఖర్న 'కొత్తమ్మాయి' అని రాసి, కొట్టేసి, పక్కన గుండ్రటి అక్షరాలతో రాసింది: 'పాపం, ఉత్త జలుబే.'