నిద్రగన్నేరు గిన్నె

రైల్వే పార్శిల్ ఆఫీసులో రిటైరైన లూకాకు తన చేతిపని మీద భ్రమలేమీ లేవు. మల్కాజ్‌గిరి ఇంటి వెనక రేకుల షెడ్డులో లేతు మిషను పెట్టుకుని, గాలికి కూలిన చెట్ల దుంగలు ఏరుకొచ్చి గిన్నెలు చెక్కుతాడు. ఒకదాంట్లో భార్య మేబెల్ బట్టల క్లిప్పులు వేసింది. ఇంకొకటి కుక్కకు నీళ్ళు తాగడానికి పెడితే, అది వాసన చూసి పక్కింటికి వెళ్ళిపోయింది. కుర్చీ కూడా ఒకటి చేశాడు గానీ, అందులో కూర్చునే ధైర్యం ఆయనకే లేదు.

అలాంటి మనిషి, గాలివానకు చర్చి ఆవరణలో నిద్రగన్నేరు చెట్టు పడిపోగానే, మనవరాలి బాప్తిస్మానికి ఆ కొయ్యతోనే గిన్నె చేస్తానని పాస్టరు గారికి మాటిచ్చేశాడు. కూతురు బ్యూలా పెళ్ళి ఫోటోలు ఆ చెట్టు కిందే తీశారు. తను చేసిన వస్తువు ఒక్కటైనా, ఒక్కరికైనా, ఒక్కసారైనా పనికిరావాలి. ఆ ఒక్కరూ బ్యూలా కూతురు తబిత అయితే, ఆ తర్వాత లేతు మిషను పాత ఇనుముకు వేసేసినా బాధ లేదనుకున్నాడు.

పచ్చి కొయ్య నెలల తరబడి ఆరాలని లూకాకు తెలుసు. ఆరకుండా చెక్కితే పగులుతుందనీ తెలుసు. ఇంతకుముందు పగిలినవన్నీ ఆ తెలివితోనే చెక్కాడు. కానీ బాప్తిస్మం వచ్చే నెలలోనే. నీళ్ళలో పడ్డ సెల్‌ఫోన్‌ను అల్లుడు బియ్యంలో పెట్టి బతికించడం ఆయన కళ్ళారా చూశాడు. ఫోనుకు పనిచేసింది కొయ్యకు ఎందుకు పనిచేయదు? పచ్చి కొయ్యతోనే గిన్నె చెక్కేసి, తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పాతిపెట్టాడు.

“ఏందయ్యా, అన్నం గిట్ల చెక్క వాసన కొడుతుంది?” అంది మేబెల్, ముద్ద నోట్లో పెట్టుకుని.

“కొత్త బియ్యం కదా.”

“కొత్త బియ్యమా? చెయ్యి పెడితే నీ గిన్నె తగిలింది. జెర నిజం చెప్పు, పప్పు డబ్బాల సుత ఏమన్న పెట్టినవా?”

“పప్పుల ఏం పెట్టలే,” అన్నాడు లూకా. అది అబద్ధం కాదు. కుర్చీ కాలు ఆ డబ్బాలో పట్టలేదు.

బాప్తిస్మం జరిగే ఆదివారం నాటికి గిన్నె చూడటానికి బాగానే ఉంది. కాకపోతే కాస్త మెలి తిరిగి, బల్ల మీద పెడితే ఊగుతోంది. స్టీలు గిన్నె తెస్తానని మేబెల్ అంటే, “ఊగితే నేను పట్టుకుంట,” అని ఒంటికాలి మీద లేచాడు. కొత్త చొక్కా వేసుకుని, గిన్నెను రెండు చేతులా పట్టుకుని పాస్టరు గారి పక్కన నిలబడ్డాడు. పాస్టరు గారు అందులో నీళ్ళు పోసి ప్రార్థన మొదలుపెట్టారు.

రెండో వాక్యానికే లూకా అరచేతికి చల్లగా తగిలింది.

గబగబా కుడిచేతిని పగులు కిందికి జరిపి గుంటగా పట్టాడు. పాస్టరు గారి ప్రార్థనలు పొట్టివి కావు. ఆ రోజు ప్రపంచంలోని బిడ్డలందరి కోసం ప్రార్థించారు. లూకా కూడా ప్రార్థించాడు, త్వరగా ఆమెన్ అనిపించమని. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి మోచేతికి, అక్కణ్ణుంచి కొత్త చొక్కాలోకి జారాయి. ఎదురుగా బ్యూలా బిడ్డను ఎత్తుకుని కళ్ళు మూసుకుని ఉంది. ఆమె కళ్ళు తెరిచి ఒట్టి గిన్నెను చూస్తుందనుకుంటే ఆయనకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

చివరికి పాస్టరు గారు గిన్నెలో చెయ్యి పెట్టారు. వేళ్ళకు తడి కొయ్య తప్ప ఏమీ తగల్లేదు. తలెత్తి లూకాను చూశారు.

“కిందున్నయ్ అయ్యగారూ,” అని గొణిగాడు లూకా. “నా చేతిల.”

ఎడమచేత్తో గిన్నెను పక్కకు తీశాడు. కుడి అరచేతిలో కాసిన్ని నీళ్ళు, వాటి మీద తేలుతూ చెక్క నలుసొకటి. ముందు బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టరు గారు నవ్వలేదు. ఆ అరచేతిలోనే వేళ్ళు ముంచి, తబితను పేరు పెట్టి పిలుస్తూ నుదుటి మీద చల్లారు.

తబిత చర్చంతా వినబడేలా ఏడ్చింది. బ్యూలా తండ్రి చేతిలోకి తొంగిచూసి, “కదలకు డాడీ, ఇంకా ఉన్నయ్ నీళ్ళు,” అంది మెల్లగా. లూకా కదల్లేదు. కళ్ళు తుడుచుకుందామన్నా రెండు చేతులూ ఖాళీగా లేవు.