రెండో గడి

బకెట్టుడు నీళ్ళు బల్ల మీద గుమ్మరించి, అబ్దియాస్ చీపురుతో ఒక్క ఊపున పొలుసులన్నిటినీ కాలవలోకి తోశాడు. మొత్తం పద్నాలుగు బల్లలు. ఇది తొమ్మిదోది. రేకుల కప్పు మీద వాన చిటపటమంటోంది. చేపల నెత్తురు సిమెంటు గట్టు మీద పల్చబడి, గులాబీ రంగు నీళ్ళై, మెల్లగా సముద్రం దారి పట్టింది. కొరొనెల్ రేవులో ఇరవై ఏడేళ్ళుగా అతని పని ఇదే. బొగ్గు గని మూతపడ్డాక ఊళ్ళో మగవాళ్ళంతా తలో దిక్కూ పోతుంటే, అతని చేతికి ఈ చీపురు వచ్చింది. అది అతన్ని వదల్లేదు, అతనూ దాన్ని వదల్లేదు.

అరవై రెండేళ్ళ మనిషి. పొట్టి. ఎడమ మోకాలు వంగదు. నడిచేటప్పుడు ఆ కాలిని గేటు తీసినట్టు పక్కకి తిప్పి ముందుకు వేస్తాడు. రబ్బరు బూట్లకి సైకిల్ ట్యూబు ముక్కలతో అతుకులు. ఆ అతుకులు మాత్రం చూడముచ్చటగా ఉంటాయి. అంచులు గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ సమంగా పూసి, వేలితో నొక్కి పెట్టినవి. ఈ లోకంలో అతనికి బాగా చేతనైన పని అదొక్కటే.

"ఏమయ్యోయ్ అబ్దియాస్! ఇవాళేగా నీ పిల్లల సైన్యం మొదలు?" పదో బల్ల దగ్గర చేపలమ్మే ఇర్మా గట్టిగా అడిగింది.

"నాలుగింటికి" అన్నాడు.

"ముందు ఆ బూట్లు కడుక్కో. ఈ వాసనకి పిల్లలు కాదు, పిల్లులొస్తాయి."

చుట్టుపక్కల వాళ్ళంతా నవ్వారు. అబ్దియాస్ కూడా నవ్వాడు. ఇర్మా పక్కన చేపల పొట్టలు చీలుస్తున్న సరాయ్ మాత్రం తల వంచుకుని పెదవి బిగపట్టింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, ఇర్మా చెల్లెలి కూతురు. తల్లి బతికున్నన్నాళ్ళూ చెయ్యి పట్టుకుని సంఘానికి తీసుకొచ్చేది. ఆవిడ పోయాక ఈ పిల్ల ఆ గుమ్మం తొక్కలేదు.

"దీన్నయినా పంపుదును గానీ, ఐదింటి బస్సుకి సాంతియాగో పోతోంది. ముసలాళ్ళ ఆశ్రమంలో పని దొరికిందట" అంది ఇర్మా. "ఇక్కడ చేపల్ని కడుగు, అక్కడ ముసలాళ్ళని కడుగు. ఎక్కడికి పోయినా కడుగుడే."

"వాళ్ళు పొలుసులు రాల్చరుగా పెద్దమ్మా" అంది సరాయ్.

పన్నెండింటికి పని ముగించి, అబ్దియాస్ రెండు నిమ్మకాయలు కోసి చేతులకి మోచేతుల దాకా రుద్దుకున్నాడు. గోళ్ళ సందులు పుల్లతో గీరుకున్నాడు. ఇంటికి పోయి తెల్ల చొక్కా వేసుకుని, గుమ్మడికాయ కలిపిన పిండితో సోపైపియా రొట్టెలు పన్నెండు వేయించి, గుడ్డలో చుట్టి, మందిరం వెనక షెడ్డుకి చేరేసరికి మూడు దాటింది.

షెడ్డులో ఆరు కొక్కేలకి ఆరు సైకిళ్ళు వేలాడుతున్నాయి. ఒకప్పుడు వీధివీధీ తిరిగి సువార్త చెప్పిన పాత సైకిల్ దళం తాలూకు వాటిని, చెత్తలో దొరికిన వాటిని కలిపి, శీతకాలమంతా కూర్చుని అతుకు వేసినవి. చైన్లకి నూనె పెట్టాడు, విరిగిన స్పోకులు మార్చాడు. ఒకదానికి పసుపు రంగు వేశాడు. పన్నెండేళ్ళ కిందట దిగుడు రోడ్డులో పడ్డప్పటి నుంచీ తను మాత్రం సైకిల్ ఎక్కలేడు. అయితేనేం, ఎక్కేవాళ్ళు వస్తారుగా.

గోడ మీద తనే రాసిన కాగితం ఉంది. "యౌవనస్థుల సైకిల్ పరిచర్య. మొదట వాక్యం. పిమ్మట పంచరు నేర్పబడును. పిమ్మట అల్పాహారం." ఇలాంటివే పదకొండు రాసి పదకొండు ఇళ్ళలో ఇచ్చాడు. ఇర్మా అది చదివి, "తలకిందులుగా రాశావయ్యా, తిండి మొదట రాయాలి" అంది. ఆమె మాటే నిజమేమో అని వారం రోజులు బెంగపడ్డాడు గానీ కాగితం మార్చలేదు. వాక్యాన్ని తిండి తర్వాత పెట్టడానికి మనసొప్పలేదు.

కుర్రపాస్టర్ నెఫ్తలీ చెడ్డవాడేమీ కాదు. సండే స్కూలు పిల్లలకి వంటగది లేదు, కట్టాలంటే షెడ్డు తప్ప జాగా లేదు. "అన్నా, నేను ఎక్కువ అడగను. శనివారం సాయంత్రానికి ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు రిజిస్టర్లో పేరు రాయాలి. రాస్తే షెడ్డు నీదే. లేకపోతే సోమవారం పాతసామాన్ల బండిని పిలుస్తా" అన్నాడు. దానికి అబ్దియాస్ తలూపాడు. ఒక్కరు రాకపోతారా అనుకున్నాడు.

పాతదళం రిజిస్టరునే కొత్తదానికీ వాడదామని తెచ్చాడు. మొదటి పేజీలో పన్నెండు పేర్లు. మొదటి గడిలో పేరు, రెండో గడిలో దళపతి ఒసెయాస్ అన్న గుండ్రటి చేతిరాత. ఆయన ఎవరి పేరు ఎదుటా "వెళ్ళిపోయాడు" అని రాసి ఎరగడు. "పంపాము - సాంతియాగో." "పంపాము - తాల్కా." గని మూసేశాక బతుకుతెరువు కోసం మూట కట్టుకున్న ప్రతివాణ్ణీ మందిరం గేటు దగ్గర నిలబెట్టి, "దేవునికి మహిమ" అని అందరిచేతా మూడుసార్లు అరిపించి సాగనంపేవాడు. పోయేవాడు సైకిలు బెల్లు ఒక్కసారి కొట్టేవాడు. ఊపిరితిత్తుల్లో బొగ్గు పేరుకుని చచ్చిపోయిన ఇద్దరికీ "పంపాము - పైకి" అని రాశాడు. ఎవరూ ఊరినీ వదల్లేదు, దేవుణ్ణీ వదల్లేదు, అంతా పనిమీదే పోయారన్నది ఆయన లెక్క.

చివరికి ఒసెయాస్ అన్నే తన గడి తనే నింపుకుని, ఉత్తరాన ఎడారిలో ఉన్న కూతురి దగ్గరికి బయల్దేరాడు. గేటు దగ్గర అబ్దియాస్ ఒక్కడే మిగిలాడు. మహిమ అనడానికి నోరు తెరిచాడు గానీ గొంతు పెగల్లేదు. ఎప్పుడూ పంచర్లు వేసేవాడే తప్ప నలుగురిలో నోరెత్తినవాడు కాదు. టోపీ తీసి ఊరుకున్నాడు. ఒసెయాస్ అన్న కాసేపు ఎదురుచూసి, తనే బెల్లు కొట్టుకుని వెళ్ళాడు. ఆ సంగతి తలచుకుంటే అబ్దియాస్‌కి ఇప్పటికీ సిగ్గుతో చెవులు మండుతాయి. పన్నెండు పేర్లలో పదకొండింటికి రెండో గడి నిండింది. అతనిదొక్కటే ఖాళీ. అతన్ని పంపడానికి ఎవరూ మిగల్లేదు.

నాలుగయింది. వాన కాస్త తెరిపిచ్చింది. బెంచీలు మరోసారి తుడిచాడు. వీధి అవతల బస్టాపు నీడన నలుగురు కుర్రాళ్ళు ఫోను చూసుకుంటున్నారు. వాళ్ళలో ఇద్దరికి కాగితం ఇచ్చాడు. గుమ్మంలోకి వచ్చి చెయ్యి ఊపాడు. "కనూతో!" అని అరిచాడొకడు. సువార్త వాళ్ళని వెక్కిరించే మాట అది. చిన్నప్పటి నుంచీ విన్నదే. మళ్ళీ లోపలికొచ్చి కూర్చున్నాడు. నాలుగుంపావయింది. సోపైపియాల మీద గుడ్డ సర్దాడు. ఇంత పెద్ద ఊళ్ళో తనకంటూ ఒక్క మనిషి లేడన్న సంగతి తెలియనిది కాదు. కానీ ఇలా ఖాళీ బెంచీల ముందు కూర్చుంటే అది మొహాన కొట్టినట్టయింది.

గుమ్మం దగ్గర అలికిడైంది. అబ్దియాస్ గబుక్కున లేచాడు.

సరాయ్. తడిసిన జుట్టు, వీపున సంచి, రొప్పుతోంది.

"రా తల్లీ, రా. కూర్చో. అందరూ వస్తారు, కాస్త..."

"తాతా, నేను దానికి రాలేదు" అంది. "కొండ రోడ్డు మీద మట్టి జారింది. టాక్సీలు ఆగిపోయాయి. సముద్రం ఒడ్డు కాలిబాట ఒక్కటే ఉంది. నడిస్తే అందుకోలేను. ఒక సైకిల్ ఇస్తావా? టెర్మినల్లో టీ కొట్టు దగ్గర పెట్టేస్తా."

అబ్దియాస్ కొక్కెం మీంచి పసుపు సైకిలు దించి, ఆమె పక్కన నిలబెట్టి, నడుం ఎత్తు చూసి, పానాతో సీటు రెండంగుళాలు దించాడు. టైర్లు వేళ్ళతో నొక్కి చూశాడు.

సరాయ్ గోడ మీది కాగితం చదివింది. బెంచీలు చూసింది. తెరిచి పెట్టిన రిజిస్టరూ, దాని మీద పెన్నూ చూసింది.

"ఎవరూ రాలేదా?"

"ఇంకా రాలేదు."

"పేరు కావాలంటగా నీకు. పెద్దమ్మ చెప్పింది." సంచి దించకుండానే వంగి, పదమూడో వరసలో సరాయ్ మెయాదో అని రాసేసింది. "ఇదుగో. నేను పోయానని పాస్టర్‌కేం తెలుసు? రెండో గడి అలా వదిలెయ్. నువ్వేం అబద్ధం ఆడక్కర్లేదు."

నిజమే. అబద్ధం ఆడక్కర్లేదు. గడి ఖాళీగా ఉంటే చాలు, షెడ్డు ఉంటుంది, ఆరు సైకిళ్ళుంటాయి, వచ్చే శనివారం ఉంటుంది. అబ్దియాస్ ఆ పేరు వంక చూస్తూ నిలబడ్డాడు.

"ఇది తిను" అని రెండు సోపైపియాలు కాగితంలో చుట్టి ఆమె జేబులో పెట్టాడు. "బెల్లు పనిచేస్తుంది. గేటు దాటేటప్పుడు ఒక్కసారి కొట్టు."

"ఎందుకు?"

"ఊరికే."

ఆమె గేటు దగ్గరికి నడిపించుకుపోయి సైకిలెక్కింది. అబ్దియాస్ కాలు తిప్పుకుంటూ వెనకే వచ్చాడు. టోపీ తీశాడు.

"దేవునికి మహిమ!" అన్నాడు. అది అరుపు కాదు, దగ్గులా వచ్చింది. బస్టాపులో కుర్రాళ్ళు తలలెత్తారు. "దేవునికి మహిమ!" ఈసారి గొంతు చీలింది. వాళ్ళు ఈలలు వేశారు, "కనూతో! కనూతో!" అన్నారు. అతను కళ్ళు మూసుకుని, ఉన్న ఊపిరంతా పెట్టి మూడోసారి అరిచాడు.

సరాయ్ నవ్వలేదు. బెల్లు కొట్టింది. ఒక్కసారి అని చెబితే, మలుపు తిరిగేదాకా కొడుతూనే పోయింది.

షెడ్డులోకి వచ్చి పెన్ను తీసుకున్నాడు. రెండో గడిలో నిదానంగా, ఒసెయాస్ అన్న రాసినట్టే గుండ్రంగా రాశాడు. "పంపాము - సాంతియాగో."

ఐదున్నరకి పాస్టర్ నెఫ్తలీ గొడుగు మూసుకుంటూ వచ్చాడు. బెంచీలు చూసి, రిజిస్టరు మీదికి వంగాడు. మొదట మొహం విప్పారింది. తర్వాత రెండో గడి చదివాడు.

"పంపాము అంటే ఎవరెవరు, అన్నా?"

"నేనే."

"ఉండే పేరు కావాలి నాకు, అన్నా. పోయే పేరు కాదు."

"ఉండే పేరు నాదొక్కటేనయ్యా" అన్నాడు అబ్దియాస్. "అది మొదటి పేజీలోనే ఉంది."

పాస్టర్ ఒక సోపైపియా తీసుకుని, తినకుండా చేతిలో పట్టుకున్నాడు. "ఆ గడి ఖాళీగా వదిలేసి ఉంటే నేను అడిగేవాణ్ణి కాదన్నా" అన్నాడు చివరికి. "రాశావు కాబట్టి... సోమవారం బండి వస్తుంది. ఉన్నవన్నీ ఇచ్చేద్దాం."

"ఉన్నవి ఐదు."

పాస్టర్ ఆరో కొక్కెం వైపు చూశాడు. "ఐదే" అన్నాడు.

మసకచీకట్లో ఒడ్డు వెంట నడిచి అబ్దియాస్ టెర్మినల్‌కి చేరాడు. బస్సు ఎప్పుడో పోయింది. టీ కొట్టు పక్కన సైకిలు స్టాండు వేసి ఉంది. దాన్ని షెడ్డుకి తీసుకుపోలేదు, ఇంటికి నడిపించుకెళ్ళాడు. ఉన్నది ఒక్క గది. బల్ల దగ్గర తన కుర్చీకి ఎదురుగా గోడకి ఆనించి, టైర్ల బురద తుడిచి, చల్లారిన సోపైపియాలు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పానా జేబులోనే ఉంది. ఒకసారి తీసి, మళ్ళీ పెట్టేశాడు. పసుపు సైకిలు సీటు సరాయ్ ఎత్తులోనే ఉండిపోయింది.