నాకొక వేరే గూడు

నేను ఒక స్టీలు గ్లాసుని. నా బతుకులో గొప్పగా చెప్పుకోదగ్గది ఒక్కటి ఉందని చాలా ఏళ్ళు మురిసిపోయాను. ఇప్పుడు దాన్ని తలుచుకుంటేనే సిగ్గుగా ఉంటుంది. అయినా చెబుతాను. లోపల దాచుకున్నది ఎంత తోమినా వదలదు.

రేకుగా పుట్టి, అచ్చులో ఒదిగి, తణుకు బజారులో ఒక పాత్రల కొట్టుకు చేరాను. ఒకే పెట్టెలో మేం ఆరుగురం. కొవ్వూరు నుంచి వచ్చిన ఒకావిడ మేనకోడలి గృహప్రవేశానికని మమ్మల్ని కొని, అక్కడికక్కడే పేరు కొట్టించింది. మిషను జుయ్యిమంటూ పొట్ట మీద తిరుగుతుంటే ఒళ్ళు జలదరించింది. 'కొవ్వూరు అత్తయ్య ఆశీస్సులతో' అని మా ఆరుగురికీ చుక్కల అక్షరాలు పడ్డాయి. ఆశీర్వాదం మోసుకుంటూ కొత్త ఇంట్లో అడుగుపెట్టాం.

ఆ ఇంటి ఇల్లాలు సుభద్ర గారు. దీపం పెట్టందే కాఫీ ముట్టని మనిషి. ఆవిడ పూజ గదిలో రాగి పంచపాత్ర ఒకటి ఉండేది. దాన్ని స్నానం చేయకుండా ఎవరూ తాకకూడదు. వంటింటి అలమర నుంచి దాన్ని చూసి నేను అసూయపడేవాణ్ణి. ఆవిడ కూతురు హిమబిందు మూడేళ్ళప్పుడు నన్ను గచ్చు మీద పడేసింది. నా అంచు సొట్టపోయింది. మర్నాడు సుభద్ర గారు నన్ను తీసుకెళ్ళి వెనక వరండా గోడలో ఉన్న చిన్న గూట్లో పెట్టారు.

అక్కడ మొదలైంది నా గర్వం. మిగతా అయిదుగురూ అలమరలో ఇరుక్కుని ఉంటే నాకొక్కడికే వేరే గూడు. ఇంట్లోవాళ్ళెవరూ నన్ను తాకరు. అంట్లు తోమే పోలమ్మ ఒక్కతే నన్ను పట్టుకుంటుంది. ఆమె దాహమంటే సుభద్ర గారు చెంబెత్తి పైనుంచి సన్నటి ధారగా నీళ్ళు పోస్తారు. చెంబు అంచు నాకు తగలనివ్వరు. శివుడికి అభిషేకం ఇలాగే కదా చేస్తారు అనుకునేవాణ్ణి. తాగాక పోలమ్మ నన్ను కడిగి, గూట్లో బోర్లించి వెళ్ళేది. నాకూ మడి వచ్చిందనీ, పంచపాత్రకీ నాకూ తేడా లేదనీ పదిహేనేళ్ళు నమ్మాను.

హిమబిందు ఇంటర్‌లో సోషియాలజీ తీసుకుంది. చుట్టాలు అదేం చదువని అడిగితే వాళ్ళ నాన్నగారు నవ్వేసి, మనుషుల గురించి చదవడానికి పుస్తకమెందుకు, ఆదివారం సంతలో నుంచుంటే సరిపోతుందిగా అనేవారు. ఆ పిల్లకు పైకి చదివితే గాని బుర్రకెక్కదు. పరీక్షల ముందు వెనక వరండాలో అటూ ఇటూ తిరుగుతూ వల్లె వేసేది. ఒకరోజు, 'శుచి, అశుచి అనే భావనల వల్ల కొందరికి వేరు పాత్రలు కేటాయించడం జరుగుతుంది' అని చదివింది. నేను పొంగిపోయాను. పుస్తకంలో నా ప్రస్తావన కూడా ఉందన్నమాట. తరవాతి వాక్యం వినిపించింది. 'ఇది అంటరానితనంలో ఒక రూపం. రాజ్యాంగం దీనిని నిషేధించింది.'

ఆ ముక్కలు ఆ పిల్ల పదిసార్లు చదివింది. నాకు జానెడు దూరంలోనే నుంచుని చదివింది. అయిదు మార్కుల ప్రశ్న పూర్తిగా నోటికొచ్చాక పుస్తకం మూసి లోపలికి వెళ్ళిపోయింది. ఒక్కసారీ గూటి వైపు చూడలేదు. చూడలేదే అని బాధపడలేదు. చూడకపోతే బాగుండునని ముడుచుకుపోయాను.

పోలమ్మ కూతురు ప్రశాంతి కూడా అదే కాలేజీ, అదే బెంచీ. ఈ సబ్జెక్టులో హిమబిందు కన్నా గట్టిది. తల్లి 'అమ్మగారు' అనే సుభద్ర గారిని ఆ పిల్ల 'ఆంటీ' అనేది. కలిసి చదువుకుందామని హిమబిందే పట్టుబట్టి రమ్మంది. వచ్చాక హాల్లోకి పిలిచింది. వరండాలో గాలి బాగుంటుందమ్మా, అక్కడ కూచోండి అన్నారు సుభద్ర గారు. ఇద్దరూ చాప వేసుకున్నారు.

కాసేపటికి ప్రశాంతి మంచినీళ్ళడిగింది. సుభద్ర గారు కూతురికి అలమరలోంచి ఒక గ్లాసు తెచ్చారు. నన్ను చీర చెంగుతో పట్టుకుని ప్రశాంతి ముందు పెట్టి, చెంబెత్తి పోశారు. ఆవిడ ముఖంలో కోపంగాని చిన్నచూపుగాని లేవు. రోజూ ముగ్గు వేసినంత మామూలుగా పోశారు.

ప్రశాంతి నన్ను చేతిలోకి తీసుకుంది. హిమబిందు పుస్తకంలోంచి తల ఎత్తకుండానే అడిగింది.

"వేరు పాత్రలకి ఉదాహరణ రాయమంటే ఏం రాస్తావే?"

ప్రశాంతి నా సొట్ట చూసింది. పొట్ట మీది అక్షరాలు నెమ్మదిగా చదువుకుంది.

"హోటళ్ళలో రెండు గ్లాసులని రాద్దాంలే. పుస్తకంలో ఉన్నదే రాస్తే మార్కులేసేస్తారు," అంది.

నీళ్ళు తాగి లేచింది. కుళాయి దగ్గర నన్ను కడిగి, గూట్లో బోర్లించింది.

"నువ్వెందుకే కడగడం? అక్కడ పెట్టావేంటి?" అంది హిమబిందు.

"అది ఉండేది అక్కడేగా. చిన్నప్పట్నుంచీ చూత్తన్నాను."

హిమబిందు తన చేతిలోని గ్లాసు చూసుకుంది. గూటి వైపు చూసింది.

మర్నాడు ప్రశాంతి రాలేదు. ఇంటి దగ్గరే చదువుకుంటానందని పోలమ్మ చెప్పింది. హిమబిందు నన్ను తీసుకెళ్ళి అలమరలో తక్కిన అయిదుగురి పక్కన పెట్టింది.

"ఏదో మా అత్తగారి నాటి అలవాటే. నా మనసులో ఏముంది? పోలమ్మకి జ్వరమొస్తే మందులిచ్చింది నేను కాదూ?" అన్నారు తల్లి.

"నేను మందుల సంగతి అడగట్లేదమ్మా."

ఆ రోజు నుంచీ హిమబిందు నాతోనే నీళ్ళు తాగేది. ప్రశాంతి ఇంటికీ వెళ్ళొచ్చింది. బాగానే మాట్లాడిందట, టీ కూడా ఇచ్చిందట. మా ఇంటికి ఎప్పుడొస్తావంటే మాత్రం పరీక్షలు అవనీ అందట. పరీక్షలయ్యాయి. సోషియాలజీలో ప్రశాంతికే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆమె మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేదు. హిమబిందు డిగ్రీకి రాజమండ్రి హాస్టల్లో చేరింది.

ఆ మరుసటి వారం పూజ ముగించి సుభద్ర గారు వంటింట్లోకి వచ్చారు. నన్ను తీసి, బిందెలో ముంచి, పెదవుల దాకా తెచ్చుకున్నారు. అక్కడ చెయ్యి ఆగిపోయింది. పూజ గదికేసి చూస్తూ, "ఇన్నేళ్ళు తీర్థం పుచ్చుకున్నాను, ఈ గుక్కెడు నీళ్ళు ఎందుకు దిగవు స్వామీ?" అనుకున్నారు. నీళ్ళు తులసి మొక్కకి పోసి నన్ను తిరిగి అలమరలో పెట్టేశారు. స్వామి ఏమన్నాడో నాకు వినిపించలేదు.

మర్నాడు మా ఆరుగురిలో ఒకడు అలమరలో లేడు.

పెరటి తలుపు తెరిచినప్పుడు వరండా గూట్లో వాడు కనిపిస్తాడు. వాడి అంచుకు సొట్ట లేదు, నిగనిగలాడుతున్నాడు. పోలమ్మ వచ్చే వేళకి ఠీవిగా ఉంటాడు. నిన్న అక్కణ్ణుంచే నన్ను పిలిచి, "చూశావా, నాకు వేరే గూడిచ్చారు. పైనుంచి ధారగా అభిషేకం చేస్తున్నారు," అన్నాడు.

అదేమిటో నాకు తెలుసు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పగలను. అయినా "బాగుందిరా," అన్నాను.