ఆఖరి పేజీ కింది మూల

సుదర్శనం చెయ్యి మంచిదని చిత్తూరులో ప్రెస్సు మెట్లెక్కిన ప్రతివాడూ ఒప్పుకుంటాడు. ఆ మనిషి పేరు మాత్రం ఒక్కడికీ తెలీదు. “అదే, అమానుల్లా సాయిబు కాడ అక్షరాలు రాసే సామి” అంటారు, అంతే. పందొమ్మిదేండ్లుగా పిల్లోళ్ళ బొమ్మల పుస్తకాల్లో రాజులు, రాక్షసులు, దొంగలు ఏం మాట్లాడినా ఆయన రాస్తేనే మాట్లాడినారు. పుస్తకంలో కథ రాసినోడి పేరుంటాది, బొమ్మలేసినోడి పేరుంటాది, అచ్చేసిన ప్రెస్సు పేరుంటాది, ఆఖరికి అట్ట ఎనకాల పండ్లపొడి పేరు కూడా ఉంటాది. అక్షరాలు రాసినోడి పేరు ఉండదు. అవి వాటికవే మొలిచినాయని అనుకుంటారు గావాల జనం!

అదేం తమాషా పని కాదప్పా. బొమ్మలో మనిషి నోటి కాడ తోకతో లేచే తెల్ల బుడగ ఉంటాది చూడండి, దాన్ని ప్రెస్సులో బెలూను అంటారు. ఆ బెడద అంతా దాంట్లోనే. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు. ఒక్కొక్క వరసకూ మూడంతస్తుల జాగా కావాల. పై వరసలో వత్తు దిగే కాడ కింది వరసలో గుడి లేస్తే రెండూ కొట్లాడుకుంటాయి. అందుకని ముందు లేత పెన్సిలుతో గీతలు కొట్టి, మాటల్ని అటూ ఇటూ జరిపి, అప్పుడు నిబ్బుతో నల్ల సిరా పెట్టాల. కోపానికి లావు అక్షరం, గుసగుసకు సన్నం. అన్నిటికంటే ముందు సుదర్శనం బొమ్మలో మొహాన్ని చాలాసేపు చూస్తాడు. ఈ మొహం ఈ మాట అంటాదా అనదా అని తేల్చుకోనిదే నిబ్బు సిరాలో ముంచడు.

సోమవారం తిరుపతిలో బస్సెక్కి చిత్తూరు పోతే శనివారం ఇంటికొచ్చేది. వచ్చేటప్పుడు కొత్త పుస్తకం ఒకటి తెచ్చి పెండ్లాం కుముదవల్లి చేతికిస్తాడు. ఆమె మొదటి పేజీ చూస్తుంది, ఆఖరి పేజీ చూస్తుంది. “మీ పేరు యాడుండాది?” అంటుంది. ఎగతాళికి కాదు పాపం. ఆమె అన్న వేంకటాచలపతి సర్కారు ఆఫీసులో గుమాస్తా, ఒక ఫైలుకు కట్టిన దారం విప్పి ఇంకో ఫైలుకు కట్టడం ఆయన ఉద్యోగం. అయినా ఆయన బల్ల మీద పేరు చెక్కిన చెక్క ఉండాది. ఇంట్లో ఎవరి పెండ్లి జరిగినా ఆ చెక్క మాట రాకుండా ఉండదు. అప్పుడు కుముదవల్లి తల వంచుకొని పూలు కట్టుకుంటా కూచుంటుంది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్క పుస్తకంలో, తన పేరు అచ్చులో ఆమెకు చూపించాలని సుదర్శనం కోరిక. అంతకు మించి ఆయన దేవుణ్ణి ఏమీ అడిగిందిలేదు.

ఎనభై రెండో సంవత్సరం మామిడికాయల కాలంలో కార్వేటినగరం పక్కనుంచి మునిరామయ్య ప్రెస్సుకొచ్చినాడు. పంచాయితీ సమితి ప్రెసిడెంటు. తోపులుండాయి, లారీలుండాయి, ఎనకాల ఎప్పుడూ పదిమంది ఉండారు. ఎమ్మెల్యే పదవి ఒక్కటే తక్కువ. గోడల మీద రాతలు అందురూ రాయిస్తారు, తన జీవితం మాత్రం రంగుల బొమ్మల కథగా రావాలన్నాడు. ముప్పై రెండు పేజీలు, యాభయ్యో పుట్టినరోజుకు చేతికందాల.

“పిల్లోళ్ళు సదువుతారు. పిల్లోళ్ళకు సదివి చెప్తామని పెద్దోళ్ళూ సదువుతారు. ఎట్టుండాది నా ఆలోచన?” అన్నాడు. ఎనకాల పదిమందీ బెమ్మాండమన్నారు.

మద్రాసులో గీయించిన బొమ్మలు రానే వచ్చినాయి. సుదర్శనం మునిరామయ్యను అడిగినాడు: “అన్నా, ఆఖరి పేజీ కింది మూలలో ఒక చిన్న వరస... అక్షరాలు రాసింది ఎవరని...”

“ఓస్, దానికేముండాది! రాసుకో సామీ” అన్నాడు మునిరామయ్య, ఈడ దొరికే మామిడికాయ ఒకటి తీసుకోమన్నట్టు.

మునిరామయ్య మెట్లు దిగినాడో లేదో అమానుల్లా సుదర్శనం దగ్గరికొచ్చినాడు. పాతికేండ్లుగా ప్రెస్సు నడిపిన మనిషి, ముఖం చూసి చెప్తాడు. “ఈ మనిషి పొద్దునన్న మాట మధ్యాన్నానికి ఉండదు సామీ. మాటలన్నీ వేరే కాయితం మీద రాసి, ముక్కలు కత్తిరించి, బెలూన్లలో పల్చగా గోందుతో అతికించు. పీకితే ఊడి రావాల” అన్నాడు. సుదర్శనం అట్నే చేసినాడు. పేరొక్కటి మాత్రం అతుకు కాకూడదనుకున్నాడు. ఆఖరి పేజీ అసలు కాయితం మీదనే, కింది మూలలో, ఊపిరి బిగబట్టి రాసినాడు: అక్షరాలు - సుదర్శనం. రాసి, ఆరినాక కూడా దాని మీద చెయ్యి పెట్టలేదు.

ఇంక మొదలైంది చూడండి భాగోతం. ముందు మునిరామయ్యకు తన అక్షరాలు చిన్నవిగా కనిపించినాయి. “నా మాట నా పక్కనోడి మాటంతే ఉంటే నేను లీడరు ఎట్టయితా?” అన్నాడు. అక్షరం పెరిగితే బెలూను పెరగాల. సుదర్శనం బొమ్మల మీద తెల్ల రంగు పూసి బెలూన్లు పెంచుకుంటా పోయినాడు.

ఆపైన ధనంజయ. ఆయన అదే తాలూకాలో మునిరామయ్యకు పగోడు, పుస్తకంలో దుర్మార్గుడు. తొమ్మిదో పేజీలో మామిడితోపులో కండ్లెర్ర జేసి, కొడవలెత్తి, “ఒరే మునిరామయ్యా! ఈ పొద్దుతో నీ కత సరి!” అంటా ఉంటాడు. సుదర్శనం ఇష్టపడి రాసిన బెలూను అది. నెల తిరక్కముందే ఇద్దురూ ఒకే పంక్తిలో కూచుని భోంచేసినారు. మర్నాడు మునిరామయ్య ప్రెస్సుకొచ్చి, “ధనంజయన్న మనోడే. ఆ మాట మార్చాల” అన్నాడు.

“అన్నా, బొమ్మలో కొడవలి ఎత్తి ఉండాడే!”

“మళ్ళీ గీయించే టయిం యాడుండాది? మాట మారిస్తే మనిషి మారిపోడా?”

సుదర్శనం పూట పూటంతా ఆ మొహాన్ని చూసినాడు. ఆ కండ్లు, ఆ పండ్లు, ఆ కొడవలి. ఆఖరికి రాసినాడు: “తమ్ముడూ, ఆకలితో ఉండావు! ఉండు, మామిడికాయ కోసిస్తా!” మునిరామయ్య పడిపడి నవ్వి వీపు తట్టినాడు. సుదర్శనానికి ఆ పొద్దు అన్నం సయించలేదు. పందొమ్మిదేండ్లలో ఒక మొహం చేత దానిది కాని మాట అనిపించడం అదే మొదలు. సిగ్గుగా ఉండింది.

అప్పుడన్నా ఎదురు చెప్పుండొచ్చు గదా అంటారేమో. చెప్పబోయినాడు. సరిగ్గా ఆ పూటే మునిరామయ్య బామ్మర్ది చిన్నబ్బ ఆఖరి పేజీ తిప్పి, మూల మీద వేలు పెట్టినాడు. “ఇదెవురిది? ఈడ నా పేరైతే బాగుంటాది. మద్రాసుకు పోయి బొమ్మలు తెచ్చింది నేను గదా?”

మునిరామయ్య రెండు పక్కలా చూసి, పంచాయితీ తీర్పు చెప్పినట్టు చెప్పినాడు. “బొమ్మలు శుక్రవారం శివకాశికి రంగుల అచ్చుకు పోవాల. అంతదాకా నేను చెప్పిన మార్పులన్నీ నోరెత్తకుండా చేస్తే సామి పేరుంటాది. లేకుంటే చిన్నబ్బ పేరు.”

ఇంక సుదర్శనం నోరెత్తలేదు. మునిరామయ్య తల్లి మొహానికి సగం బెలూను అడ్డమొస్తే రానీలే అన్నారు, సరేనన్నాడు. పన్నెండో పేజీలో బురదలో దున్నపోతు ఊరికే నిలబడుండాది, అది కూడా జై కొట్టాలన్నారు. దున్నపోతు నోటి కాడ తోక గీసి, “మునిరామయ్యకీ జై!” అని రాసినాడు, లావు అక్షరాల్లో. ఇంతలో మునిరామయ్యకూ ధనంజయకూ మళ్ళీ చెడింది. పీకిన ముక్కలన్నీ పొగాకు డబ్బాలో దాచి ఉండబట్టి సరిపోయింది, మామిడికాయ పోయి కొడవలి వచ్చింది. మూడు రోజులకు మళ్ళీ మామిడికాయ. ప్రతిసారీ సుదర్శనం ఆఖరి పేజీ తిప్పి, మూలను ఒకసారి చూసుకొని, పనిలో కూచునేవాడు.

బేస్తవారం మధ్యాన్నం, హైదరాబాదు పోయిన మునిరామయ్య కాడి నుంచి ఫోనొచ్చింది. అమానుల్లా విని, ఫోను పెట్టేసి, కుర్చీలో కూలబడినాడు.

“రెండు పార్టీలోళ్ళూ పిలిచినారంట సామీ. ఎటు పోతాడో ఆయనకే తెలీదు. మాటలన్నీ పీకేయమంటాడు.”

“అన్నీనా?”

“అన్నీ. బెలూన్లు ఖాళీగానే అచ్చేయాలంట. పుట్టినరోజు ఆగదు, పందిరి ఏసేసినారు. పార్టీ తేలినాక మాటలు చేత్తో రాయిస్తాడంట.”

“అట్ట మీద పుస్తకం పేరు?”

“దాంట్లో పాత పార్టీ పేరుండాది గదా. అదీ పీకాల.”

ఇద్దురూ చెరొక పక్క కూచుని పీకినారు. రాజకీయాలు పీకినారు, ఉపన్యాసాలు పీకినారు, దున్నపోతు జై పీకినారు. పల్చటి గోందు, దేనికదే ఊడొచ్చి పొగాకు డబ్బాలో పడింది. ఆఖరి పేజీ అమానుల్లా చేతిలో పడింది. కింది మూలను గోటితో గీరినాడు. రాలేదు. ఇంకోసారి గీరినాడు.

“అది అతుకు కాదు సాయిబూ” అన్నాడు సుదర్శనం.

తెల్ల రంగు సీసా పక్కనే మూత తీసి ఉండాది. ఒక్క పూత చాలు. అమానుల్లా సీసాను చూసినాడు, సుదర్శనాన్ని చూసినాడు, మూత తెచ్చి గట్టిగా బిగించినాడు. “మాటలు పీకమన్నాడు గానీ పేర్లు చెరపమనలేదు గదా” అన్నాడు.

ఆపై వారం పుట్టినరోజు పండగ చిత్తూరులో బెమ్మాండంగా జరిగింది. పుస్తకం విడుదల చేసేదానికి రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన వచ్చినాడు. మైకు ముందర పుస్తకం తెరిచినాడు. ఒక పేజీ తిప్పినాడు, రెండు తిప్పినాడు, కండ్లద్దాలు తుడుచుకొని మళ్ళీ మొదటి నుంచి తిప్పినాడు. ముప్పై రెండు పేజీల్లో మునిరామయ్య నోరు తెరిచే ఉండాడు, మాట లేదు. ధనంజయ కొడవలెత్తి ఉండాడు, ఎందుకో తెలీదు. కన్నతల్లి సగం మొహం లేదు. ఆఖరికి ఆయనకు చదివేదానికి ఒక వరస దొరికింది. “అక్షరాలు... సుదర్శనం!” అని మైకులో గట్టిగా చదివినాడు. జనం చప్పట్లు కొట్టినారు. “నలభై ఏండ్లు పిల్లోళ్ళ పుస్తకాలు దిద్దినాను. ఒక్క తప్పు కూడా లేని పుస్తకం ఇదే చూడ్డం” అన్నాడు హెడ్మాస్టరు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మునిరామయ్య.

శనివారం సుదర్శనం తిరుపతికి పోయినాడు. ఆకుల్లో చుట్టి తెచ్చిన పూలతో పాటు పుస్తకం కుముదవల్లి చేతిలో పెట్టి, తానే ఆఖరి పేజీ తిప్పి, మూల చూపించినాడు. ఆమె వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదువుకునింది. మొహం విచ్చుకునింది. “రేపే అన్నకు చూపిస్తాను” అనింది. అంత సంతోషం ఆమె మొహంలో ఆయన ఎన్నేండ్లకో చూసినాడు.

తరవాత ఆమె మొదటి పేజీకి పోయింది. నెమ్మదిగా ఒక్కొక్కటే తిప్పుకుంటా వచ్చింది. పదో పేజీ కాడ ఆగి, తలెత్తి ఆయన్ను చూసింది.

“ఏమండీ, మీరు రాసింది యాడుండాది?”

పందొమ్మిదేండ్లు రాత చూపిస్తే పేరు యాడ అని అడిగిన మనిషి, పేరు చూపించిన రోజు రాత యాడ అని అడిగింది. సుదర్శనం సంచీలో నుంచి పొగాకు డబ్బా తీసి ఆమె ముందర బోర్లించినాడు. కత్తిరించిన కాయితం ముక్కలు చాప మీద కుప్పగా పడినాయి. కుముదవల్లి వాటిని ఒక్కొక్కటే తీసి, సదరంగా పేర్చి, చదవడం మొదలుపెట్టింది.