లేయా చేతుల వేడి

లేయాకి అన్యాయం జరిగింది 1998 మే నెలలో. చింతలపూడి నుంచి వచ్చిన సంబంధం వాళ్ళు పిల్ల నచ్చిందన్నారు, పెళ్ళెప్పుడు పెట్టుకుందామని అడిగారు. తండ్రి చిన్నరాయప్ప షెడ్డులోని గంపల వంక ఓసారి చూసి, సీజన్ అయ్యాక చూద్దామండీ అన్నాడు. నూజివీడు తోటలవాళ్ళు ఇంటికి సున్నం వేయించమన్నా అదే మాటంటారు. సున్నానికైతే వయసు మీద పడదు, ఆగుతుంది. చింతలపూడి వాళ్ళు ఆగలేదు.

లేయా చేతుల్లో వేడి ఉంది. గంపలో గడ్డి కింద ఆ చేతులు పెట్టి కూర్చుంటే, రాయిలాంటి బంగినపల్లి తెల్లారేసరికి పసుపు తిరిగి ముచ్చిక దగ్గర వాసన కొట్టేది. ఊళ్ళో దాన్నెవరూ వింతగా చెప్పుకోలేదు. ఒకరింట్లో బోరు నీళ్ళు తియ్యగా పడతాయి, ఒకరింట్లో ఉప్పగా పడతాయి, ఇదీ అలాంటిదే. పక్కింటి సుబ్బాయమ్మ అరటిగెల పంపేది. మనవడి మెడ మీద సెగగడ్డ పండటం లేదని ఓసారి మనవణ్ణే పంపింది.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా లేయా తిండీ కునుకూ ఆ గడ్డి మీదే. తండ్రి పోయాక తమ్ముడు చార్లెస్ "కార్బైడ్ లేదు, గ్యాస్ లేదు" అని అచ్చేయించి ఆ పండుని హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకి తోలడం మొదలెట్టాడు. పెట్టె మీద తన ఫోటో వేయించుకున్నాడు.

వేడంతా కాయలకి పోయి, లేయా మాత్రం ఆ ఇరవై మూడేళ్ళ దగ్గరే పచ్చిగా ఆగిపోయింది. ముఖం మీద గీత లేదు, జుట్టులో తెలుపు లేదు. చర్చికి కొత్తగా వచ్చినవాళ్ళు ఆమెను చార్లెస్ కూతురు గ్లోరీకి అక్క అనుకునేవాళ్ళు. మా వదినకి క్రీముల ఖర్చు లేదు, అదృష్టవంతురాలు అనేది చార్లెస్ భార్య షాలోమి. ఆ అదృష్టవంతురాలు జూలై రాగానే మంచమెక్కేది. ముఖానికి రాని వయసంతా అలసటై ఒంట్లో దాక్కుంది. జూలై నుంచి మార్చి దాకా పోయే నిద్ర తప్ప ఆమెకంటూ వేరే ఆస్తి లేదు.

2024లో చార్లెస్ దాని మీద కూడా కన్నేశాడు. లదాఖ్‌లో సరస్సు ఒడ్డున హోటళ్ళు నడిపే ఒకాయన ఫోన్లో పరిచయమయ్యాడు. అక్కడ యాత్రికుల రద్దీ జూలై నుంచి. పచ్చికాయ తెచ్చి అక్కడే మాగబెట్టి ఇస్తానని చార్లెస్ మాటిచ్చాడు. మన కాయ అయిపోతే ఉత్తరాది కాయ ఉంటుంది, సెప్టెంబరు దాకా లోటుండదు. ముందు జూన్‌లోనే రెండు పెట్టెలు శాంపిల్ చూపించాలి. శాంపిల్ పండితే నూజివీడులో షెడ్డు మూసిన మర్నాడే అక్కడ షెడ్డు తెరుస్తారు, అందులో లేయా కూర్చుంటుంది. ఇది ఆమెకి చెప్పలేదు. జీపులో తిప్పి మంచుకొండలు చూపిస్తానక్కా అన్నాడు. గ్లోరీకి నోట్లో మాట దాగదు కాబట్టి విమానంలోనే అసలు సంగతి తెలిసిపోయింది. లేయా కిటికీకి తల ఆనించింది.

జీపులో ముందు సీటు చార్లెస్‌ది, ఫోటోలు తీసుకోవాలి కాబట్టి. మధ్యలో తల్లీకూతుళ్ళు. వెనక పెట్టెల మధ్య లేయా. లేహ్ దాటాక చెట్టన్నది లేదు. దున్ని విత్తనం చల్లడం మర్చిపోయిన చేలల్లా కొండలు, ఒకటి ఇటుక రంగు, ఒకటి బూడిద రంగు. ఎండ చురుక్కుమంటుంది, నీడలోకి జరిగితే పళ్ళు కొట్టుకుంటాయి. ఊపిరి కూడా అప్పడిగి తెచ్చుకున్నట్టే ఉంది. కనుమ మీద షాలోమి వాంతులు చేసుకుంది. ఇసుక తిన్నెల దగ్గర చార్లెస్ ఒంటె ఎక్కి దిగాడు. లేయా ఎక్కడా దిగలేదు, చేతులు గడ్డిలో ఉన్నాయి.

కాయ మాత్రం పండటం లేదు. మామిడి మాగాలంటే ఉక్క కావాలని పుట్టుకతో తెలిసిన చార్లెస్, అక్క ఉండగా ఉక్కెందుకనుకున్నాడు. ఆ చలి ఆమె వేడిని కాయ దాకా పోనివ్వకుండా దారిలోనే తాగేస్తోంది. బస చేసిన చోటల్లా బొటనవేలితో కాయని నొక్కి చూసి, నువ్వు మనసు పెట్టట్లేదక్కా అనేవాడు.

సరస్సుకి వెళ్ళే రోజు మధ్యాహ్నం, పైన మంచు కరిగి రోడ్డు మీదుగా ఏరు పొంగింది. నీళ్ళు తగ్గేదాకా బళ్ళన్నీ ఆపేశారు. చార్లెస్ దిగుతూ, సాయంత్రానికి డజను పండినా చాలు, చేతులు తియ్యకని చెప్పి వెళ్ళాడు. షాలోమీ గ్లోరీ కాళ్ళు చాపుకోడానికి దిగారు.

లేయా వేళ్ళు నీలంగా ఉన్నాయి. ఆ చేతులు ఒంటి మీద వేసుకుని నిద్రపోకే, పండి రాలిపోతావు అని వాళ్ళమ్మ చిన్నప్పుడే భయం పెట్టింది. ఇన్నేళ్ళూ చేతులు పక్కకి పడేసుకునే పడుకుంది లేయా. ఇప్పుడు సెప్టెంబరు దాకా కూర్చోవడమా, రాలిపోవడమా అని ఆలోచించింది. ఆలోచన ఎక్కువసేపు పట్టలేదు. గడ్డిలోంచి చేతులు తీసి, శాలువా కింద పొట్ట మీద పెట్టుకుని కళ్ళు మూసింది. వేడి పాదాల దాకా దిగింది. హాయిగా నిద్రపట్టింది.

లేపింది గ్లోరీ. ముఖం మీద పడ్డ జుట్టు పక్కకి తీసి చూసింది.

"నానమ్మ పోలిక వచ్చిందత్తా నీకు. నొప్పేమైనా ఉందా?"

"ఆకలేస్తోంది," అంది లేయా. జుట్టు సగం నెరిసింది. కళ్ళ కింద, మెడ మీద, ఇన్నేళ్ళ వేసవులూ గీతలు గీసి వెళ్ళాయి.

చార్లెస్ వచ్చి ముందు పెట్టె తెరిచాడు. కాయలు రాళ్ళలాగే ఉన్నాయి. తర్వాత అక్కని చూశాడు.

"ఏం చేశావక్కా?"

"పండాను."

"ఎవరడిగారు నిన్ను?"

"ఎవరూ అడగలేదురా. అందుకే ఇంత ఆలస్యమైంది."

అతను ఆమె చెయ్యి లాక్కుని ఓ కాయ మీద అదిమి పట్టాడు. అది అందరి చెయ్యిలాంటి చెయ్యే. వదిలెయ్యండి, జనం చూస్తున్నారంది షాలోమి.

ఏరు తగ్గింది. డ్రైవరు వచ్చి లేయాని ఒక్క చూపు చూసి, ముందు తలుపు తీసి హిందీలో ఏదో చెప్పాడు. పెద్దవాళ్ళని వెనకేసుకుని రాళ్ళలో దాటించనంటున్నాడు నాన్నా, నడుం పోతుందట అని గ్లోరీ తెలుగు చేసింది. చార్లెస్ వెనక్కి పోయి పెట్టెల మధ్య ముడుచుకున్నాడు. జీపు నీళ్ళలోకి దిగింది. లేయా జీవితంలో మొదటిసారి దారిని ఎదురుగా చూసింది.

సరస్సు దగ్గర హోటలాయన కాయని నొక్కి చూసి, మళ్ళీ పెట్టెలో పెట్టి, అందరికీ టీ పోయించాడు. జూలై మాట ఎత్తలేదు.

తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో లేయా ఆధార్ కార్డుని ఆఫీసరమ్మ చాలాసేపు తిప్పి చూసింది. వచ్చేటప్పుడు ఫోటో సరిపోయింది, తేదీ సరిపోలేదు. అప్పుడెవరూ అడగలేదు. ఇప్పుడు ఫోటో సరిపోవడం లేదు. నేను చెప్తానండీ అంటూ చార్లెస్ ముందుకొచ్చాడు. ఆఫీసరమ్మ అతన్ని చేత్తో ఆపి, ఫోటో పక్క వరస మీద వేలు పెట్టి చదివింది. లేయా నెరిసిన జుట్టుని, ముఖాన్ని తీరిగ్గా చూసింది. తల ఊపి, వెళ్ళమ్మా అన్నట్టు దారి వదిలింది. వేలు కింద ఉన్నది పుట్టిన తేదీ: 09-08-1974.