ఆర్నెల్లు మూసిన ఇల్లు

కిరాయి ఇంట్లో పిల్లల్ని కనవచ్చు, పెళ్లిళ్లు చేయవచ్చు, నీళ్ల దగ్గర జుట్లు పట్టుకోవచ్చు. చావడానికి మాత్రం ఓనర్లు ఒప్పుకోరు. ఏళ్ల తరబడి శంషాబాద్‌లో కిరాయికుంటున్న భాగ్యమ్మకు ఈ సంగతి తెలియక కాదు. తన దాకా వస్తుందని అనుకోలేదు, అంతే.

ఆమె మొగుడు ఐలయ్య కాటేదాన్‌లో రబ్బరు కాల్చే ఫ్యాక్టరీలో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ఇక మందులు పనిచేయవు, ఇంటికి తీసుకుపొమ్మని దవాఖానలో చెప్పేశారు. ఆటోలో తెచ్చి మంచం మీద పడుకోబెట్టిందో లేదో, ఓనరు నరేందర్ గుమ్మం ముందుకొచ్చాడు. చెడ్డవాడేం కాదు. చేతిలో రెండు కొబ్బరి బోండాలు కూడా ఉన్నాయి.

"ఏమనుకోకు అక్కా. ముందట మా బిడ్డ లగ్గం ఉన్నది. అన్నకు ఏమన్నయితే మేం ఈ ఇంట్ల పందిరెట్ల ఏస్తం? జర వేరే తాన చూస్కోండ్రి," అన్నాడు నేల చూపులు చూస్తూ.

భాగ్యమ్మకు కోపం రాలేదు, భయం వేసింది. నిరుడు పక్క గల్లీలో కిరాయికున్న మేస్త్రి పోతే ఓనరు గేటుకు తాళం వేశాడు. శవాన్ని రోడ్డు వారన టెంటు కింద పెట్టి, వెనక నుంచి కార్లు హారన్లు కొడుతుంటే అక్కడే స్నానం చేయించారు. ఐలయ్యకు ఆ గతి పట్టకూడదు. సొంతమో పరాయిదో, ఒక గడప లోపలి నుంచి అతన్ని ఎత్తాలి. ఆమె కోరిక అదొక్కటే.

ఎయిర్‌పోర్టు దారిలోని హోటల్లో గిన్నెలు కడగడం అయ్యాక చెప్పులరిగేలా తిరిగింది. టులెట్ బోర్డున్న ప్రతి గేటు దగ్గరా ఒకటే ప్రశ్న, ఇంట్లో బీమారోళ్లు ఎవరన్నా ఉన్నారా అని. లేరని చెప్పొచ్చు. కానీ ఐలయ్య దగ్గు గల్లీ చివరిదాకా వినిపిస్తుంది, దాన్నెక్కడ దాస్తుంది? బీదలకిచ్చే ఇంటికి ఎప్పుడో దరఖాస్తు పెట్టుకున్న ఆఫీసుకూ పోయి, ఇల్లు వచ్చేదాకా తల దాచుకోవడానికి ఏదన్నా చూపమని అడిగింది. అది తమ చేతిలో లేదని, ఇల్లు వచ్చినప్పుడు ఫోన్ వస్తుందని చెప్పారు. ఫోన్ వచ్చేదాకా ఐలయ్య ఆగుతాడా అని ఆమె అడగలేదు.

చివరికి గదులు చూపించే బ్రోకరు మొగులయ్య చాయ్ బండి దగ్గర గొంతు తగ్గించి చెప్పాడు.

"ఒకటున్నది చెల్లె. రుక్మిణమ్మది. ఆమె పెనిమిటి ధనిష్ఠ పంచకంల పోయిండు. ఆర్నెల్లు ఇల్లు మూయాలన్నడు అయ్యగారు."

ఆ నక్షత్రంలో ఒకరు పోతే, వెనకే అది ఆ ఇంట్లో మరొకరిని తీసుకుపోతుందని భయం. అందుకే రుక్మిణమ్మ కొడుకు, కోడలు, మనుమడితో వెనక గల్లీకి మారింది. భాగ్యమ్మకూ ఆ భయం లేకపోలేదు. మరొకప్పుడైతే ఆ గేటు ముందు నుంచి కూడా నడిచేది కాదు.

"అది తీస్కపోయే మనిషిని నేనే తోల్కపోతున్న గద అన్నా," అంది.

ఐలయ్య ఎక్కువ రోజులు ఉండడని భాగ్యమ్మ చెప్పింది విని రుక్మిణమ్మ తానే తాళంచెవి తెచ్చి ఇచ్చింది. కిరాయి వద్దంది, కరెంటు బిల్లు కట్టుకుంటే చాలంది. భాగ్యమ్మ ఆమె కాళ్లకు మొక్కింది. ఇల్లు ఊడుస్తుంటే గానీ అసలు సంగతి తెలిసిరాలేదు. ఇది పుణ్యానికి ఇచ్చిన ఇల్లు కాదు. నక్షత్రానికి ఇంకో ప్రాణం కావాలి, అది రుక్మిణమ్మ కొడుకుది కాకూడదు. తల్లి మనసు కదా, అనుకుంది భాగ్యమ్మ. ఇద్దరి అవసరమూ ఒక్కటే అయినప్పుడు తప్పు పట్టడానికేముంది?

రుక్మిణమ్మ రోజూ పొద్దున పాలప్యాకెట్ పట్టుకుని గేటు దగ్గరికొచ్చేది. "ఎట్లున్నడే?" అనేది. "గట్లనే ఉన్నడమ్మా," అనేది భాగ్యమ్మ.

అది నిజం కాకుండా పోసాగింది. ఆ ఇంటికి పెద్ద కిటికీలు, వెనక వేపచెట్టు. పాత గదిలోలా గోడలకు చెమ్మ లేదు. ఐలయ్య దగ్గు తగ్గింది. లేచి కూర్చున్నాడు. ఒకరోజు గోడ పట్టుకుని గేటు దాకా నడిచి, "దండాలమ్మా," అని రుక్మిణమ్మకు చేతులెత్తాడు. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. మర్నాటి నుంచి పాలు రాలేదు.

ఆర్నెల్ల గడువు దగ్గర పడ్డాక రుక్మిణమ్మ భాగ్యమ్మను గేటు బయటకు పిలిచింది.

"నా కొడుకు, మనుమడు ఈ ఇంట్ల అడుగువెట్టాలె. నేను ఎవ్వల చావు కోరుకుంటలేను భాగ్యా. గని నువ్వేం జెప్పి వచ్చినవ్ యాదికున్నదా? మా మనిషి ఎక్కువ దినాలు ఉండడంటివి. ఇగ ఖాళీ జెయ్యి."

మాట తప్పినదానిలా భాగ్యమ్మ తల దించుకుంది.

మళ్లీ ఆ గేట్లే, మళ్లీ ఆ ప్రశ్నే. సాయంత్రం ఉత్త చేతులతో వచ్చి వంట చేసింది. ఐలయ్య పళ్లెం ఖాళీ చేసి ముందుకు జరిపాడు.

"ఇంకింత పెట్టు. ఇయ్యాల మస్తు ఆకలైతుంది."

గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. ఒక్క క్షణమే. కానీ ఆ క్షణంలో తాను దేనికి భయపడిందో భాగ్యమ్మకు తెలుసు. ఈయన బతుకుతాడేమోనని భయపడింది. తన మీద తనకే అసహ్యం పుట్టి, గిన్నెలో ఉన్నదంతా అతని పళ్లెంలో వేసేసింది.

"మరి నీకు?"

"నేను తిన్న."

ఐలయ్య కడుపునిండా తిని గోడకు ఆనుకున్నాడు. కిటికీలోంచి గాలి చల్లగా వస్తోంది.

"గీ ఇల్లు మనకు కలిసొచ్చింది భాగ్యా," అన్నాడు. "ఇగ ఈడికెళ్లి యాడికి పోవద్దు."

"ఊఁ," అంది భాగ్యమ్మ, పళ్లెం తీస్తూ.