చిల్లు పూడ్చిన కుండీ

కంకిపాడులో మాగాణి ఉన్నంత మాత్రాన రైతైపోతే, టిక్కెట్టు కొన్న ప్రతివాడూ రైలు డ్రైవరే. తిరుపతిరావు పొలం కౌలుకిచ్చి చాలాకాలమైంది. అంతకుముందు కూడా ఆయన గొడుగేసుకుని గట్టు మీద నిలబడ్డవాడేగానీ చేలో కాలు పెట్టినవాడు కాదు. బెజవాడ వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టు నడుపుతూ, బిందె కొనడానికొచ్చిన వాళ్ళకి వ్యవసాయం మీద ఉపన్యాసం ఊరికే ఇచ్చి పంపుతాడు. "మీరు పెంచింది ఆ బొజ్జొక్కటే" అని భార్య వెంకటరత్నమ్మ అంటూనే ఉంటుంది.

అలాంటి మనిషికి పై వాటాలో ఉండే ఫౌజియా తన బోన్సాయ్ అప్పగించింది. జువ్విచెట్టు. బయట వదిలితే గోడలు పగలగొట్టే జాతి, పళ్ళెమంత కుండీలో జానెడున్నర ఎత్తున బుద్ధిగా కూర్చునుంది. గవర్నరుపేటలో పెళ్ళికార్డులు అచ్చేసే ఆమె తండ్రి నాసిర్ దాన్ని ఇరవయ్యేళ్ళు కిటికీ పక్కన పెట్టుకుని సాకాడు. ఆయన పోయి రెండేళ్ళయింది. ఆ పిల్లకి తండ్రి గుర్తుగా మిగిలింది అదొక్కటే. ఇన్సూరెన్సు ఆఫీసువాళ్ళు ట్రైనింగుకని హైదరాబాదు పంపుతుంటే, కుండీ తెచ్చి ఇచ్చి మరీ చెప్పింది.

"మట్టి ఆరితే నీళ్ళు పొయ్యండి బాబాయిగారూ, చాలు. కుండీ మార్చాల్సి ఉంది, అది నేనొచ్చాక చూసుకుంటా. మీరేం చెయ్యొద్దు."

"రైతుబిడ్డకి చెప్తున్నావా అమ్మాయ్!" అన్నాడాయన.

కొన్నాళ్ళు బుద్ధిగానే పోశాడు. పోసిన నీళ్ళు ఇంకకుండా అంచుల మీదుగా కారిపోతున్నాయి. వంగి చూస్తే అడుగు చిల్లుల్లోంచి వేళ్ళు బయటికి తన్నుకొచ్చాయి, చెట్టు మొత్తం కుండీలోంచి పైకి లేచింది. పాపం, దానికి చోటు చాలడం లేదన్నది నిజమే. కాలమూ మంచిదే. మృగశిర కార్తె వచ్చింది, నాలుగు చినుకులు పడి ఎండ మెత్తబడింది, చెట్టు చిగురు మీదుంది. అంతవరకూ ఆయన లెక్క తప్పలేదు. తప్పంతా ఆ తర్వాతే.

కంకిపాడు నుంచి సంచీడు నల్లమట్టి తెప్పించాడు. బకెట్లో వేసి నీళ్ళు కలిపి, పంచె ఎగ్గట్టి, కాలితో తొక్కి దమ్ము చేశాడు. కొనితెచ్చిన కొత్త కుండీ అడుగున చిల్లులు చూస్తే ఆయనకి నవ్వొచ్చింది. మడికి గండి ఉంచి నాట్లు వేసేవాడు ఎక్కడైనా ఉంటాడా? సిమెంటు ముద్దతో పూడ్చేశాడు. చెట్టుని బురదలో గుచ్చి, నీళ్ళు నిలగట్టి, పైన గుప్పెడు యూరియా చల్లాడు.

"ఆ పిల్ల వద్దంది కదండీ!" అంది వెంకటరత్నమ్మ.

"వరి ఊడుపంటే ఇదే. వారంలో చూడు, ఎట్టా దుబ్బు కడుద్దో."

వారంలో ఆకులు పసుప్పచ్చబడ్డాయి. ఆపైన చీపురు పట్టుకుని ఊడ్చేటంతగా రాలాయి. ఫోన్లో ఫౌజియా "చెట్టెలా ఉందండీ?" అనడిగితే, "లక్షణంగా ఉందమ్మా" అన్నాడు మోడు వంక చూస్తూ. ఆ రోజు అన్నం సహించలేదు. వరైతే మళ్ళీ నాటుకోవచ్చు. నాసిర్ పెట్టిన ఇరవయ్యేళ్ళు ఏ నర్సరీలో దొరుకుతాయి? అయినా ఇంకోటి కొని అక్కడ పెట్టేద్దామా అని కూడా ఆలోచించాడు, సిగ్గులేని మనిషి. చివరికి వెంకటరత్నమ్మే నంబరు నొక్కి ఫోను చేతికిచ్చింది.

"అమ్మాయ్, నేను దాన్ని... నాటాను" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే ఫౌజియా రైలు దిగి నేరుగా వాళ్ళింటికే వచ్చింది. పలకరింపుల్లేవు. కుండీ వంచగానే కుళ్ళు కంపు గుప్పుమంది.

"చెట్టనుకున్నారా, ఊరగాయనుకున్నారా? కత్తెర ఇవ్వండి. మాట్లాడకండి."

నేల మీద చతికిలబడి వేళ్ళకంటిన బురదంతా కడిగింది. మెత్తబడి నల్లగా అయినవన్నీ కోసేసి, గట్టిగా ఉన్నవి ఉంచింది. "కుండీ మార్చేటప్పుడు మామూలుగా మూడో వంతు వేళ్ళు కొయ్యాలి. ఇప్పుడు మిగిలిందే మూడో వంతు" అని పళ్ళు కొరికింది. తిరుపతిరావు చేత ఇటుకముక్కలు శనగబద్దలంత చితక్కొట్టించింది, కృష్ణ ఇసుక జల్లించి సన్నది పారబోయించి ముతకది ఉంచింది. అందులో చారెడు మాగిన పేడ ఎరువు కలిపింది. పాత కుండీ చిల్లుల మీద జాలీముక్క పరిచి, చెట్టు కదలకుండా తీగతో కట్టి, వేళ్ళ సందుల్లోకి కొబ్బరీనెతో మట్టి కూరింది. నీళ్ళు పోస్తే కిందనుంచి బొటబొటా కారాయి. తిరుపతిరావు చెయ్యి దానంతటదే చిల్లు మూయబోయింది. ఫౌజియా దానిమీద ఒక్కటిచ్చింది.

"కిటికీ వెలుతురు చాలు, ఎండలో పెట్టొద్దు. చిగురొచ్చేదాకా ఎరువు మాటెత్తొద్దు" అని, ఈసారి కుండీని వెంకటరత్నమ్మ చేతికిచ్చి వెళ్ళింది.

ఆమె ట్రైనింగు ముగించుకుని వచ్చేసరికి కొమ్మకి పచ్చగా ఒక మొన పొడుచుకొచ్చింది. ఫౌజియా దాన్ని వేలితో తాకి చూసి, అక్కడే కూలబడి బావురుమంది.

"అదేంటమ్మా, బతికింది కదా!" అని తిరుపతిరావు కంగారుపడ్డాడు.

"రెండేళ్ళనుంచి కుండీ మార్చాలనుకుంటూనే ఉన్నా బాబాయిగారూ. నాన్న చెట్టు. నా చేత్తో చంపేస్తానేమోనని కత్తెర తియ్యడం, మళ్ళీ పెట్టేయడం. ఆ రోజు మీరెలాగూ చంపేశారు కదా, ఇక నేను చంపేదేం లేదని చెయ్యాడింది."

ఇది తిట్టో మెచ్చుకోలో ఆయనకి తేలలేదు. ఆ పిల్ల పక్కనే నేలమీద కూర్చుని, "తప్పయిపోయిందమ్మా" అన్నాడు. ఇన్నాళ్ళూ నోట్లోనే నానుతున్న మాట.

ఫౌజియా చున్నీతో ముక్కు తుడుచుకుంది.

"అయిందండీ మరి" అంది.